జపాను ఆటగాడూ, నా రీడింగు కాగితమూ

మొన్న పొద్దున బీరంగూడలో నడక ముగించుకుని ఇంటి మెట్ల మీద కూర్చున్నానో లేదో, మా బామ్మర్ది ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. "బావా, మనోడు ఆట బంద్ జేస్తుండట. ఐతారమే ఆఖరి మ్యాచ్" అన్నాడు. మనోడంటే నలభై దాటినా ఇంకా ఆడుతున్న ఒక జపాను ఫుట్‌బాల్ ఆటగాడు. మా బామ్మర్దికి దుఃఖం వస్తే, నాకు ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రీడింగు కాగితమే గుర్తొచ్చింది.

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల్లో నాలాగే షిఫ్టులు చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అరగంటకోసారి రియాక్టరులో, అంటే మందు ఉడికే పెద్ద తొట్టిలో, వేడెంతో చూసి కాగితంలో రాయాలి. పని ఒక్కతీరుగా నడుస్తుంటే రాబోయే రెండు గంటల అంకెలు ముందే రాసిపెట్టి తిరగడం అందరం చేసిన పాపమే.

అత్తగారికి మాటిచ్చి మా బామ్మర్దిని అక్కడ పనిలో పెట్టించింది నేనే. మిషన్ బిగించడానికి వచ్చిన జపాను మెకానిక్ ఒకాయన పోతూపోతూ ఆ ఆటగాడి ఫోటో ఇచ్చాడు, అప్పట్నుంచి వాడికి అదే లోకం. ఆ ఆటగాడు చేపలు పట్టేవాళ్ల కొడుకట, పొట్టివాడని చిన్నప్పుడు ఏ జట్టూ తీసుకోలేదట, యూరప్ పోయి ఏడాదంతా బెంచీ మీదే కూర్చున్నాడట, ఆ తర్వాత దిగిన ప్రతి ఆటలో గోలేనట. వాడు చెప్పగా చెప్పగా క్యాంటీన్ వంటాయన దాకా అందరూ అభిమానులైపోయారు. ఇస్నాపూర్ కుర్రాళ్లు కొందరు ఆ ఆటగాడిలాగే జుట్టుకు ఎర్రరంగు కూడా వేయించుకున్నారు.

జపాన్‌లోనే ప్రపంచకప్ జరుగుతున్న రోజులవి. మ్యాచ్ మధ్యాహ్నం పూట. నాలుగు గడుల్లో డెబ్బై ఎనిమిది, డెబ్బై ఎనిమిది అని రాసేసి నేను క్యాంటీన్ టీవీ ముందు చేరాను. ఆట మధ్యలో చూస్తే బామ్మర్ది కనబడలేదు. "శాంపిల్ తీయనీకి పోయిండన్నా, కాగితం సూసి వేడి మంచిగనే ఉందన్నడు" అన్నాడు పక్కనున్నవాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లోపల వేడి పెరిగి ఉంటే, మూత తీయగానే మరిగే మందు ముఖం మీదికి చిమ్ముతుంది. లేచి పరిగెత్తాను. అత్తగారికి ఏం చెప్పాలి, నా భార్య ముఖం ఎట్లా చూడాలి అన్న భయం తప్ప మరేమీ తెలియలేదు. వెనక క్యాంటీన్ దద్దరిల్లింది, ఆ జపాను ఆటగాడే గోల్ కొట్టాడు. నేను రియాక్టరు మెట్ల దగ్గరికి చేరేసరికి పైన ఢామ్మని మోగి, మూత దగ్గరంతా తెల్లటి ఆవిరి కమ్ముకుంది. కిందనుంచే వాడి పేరు పెట్టి అరిచాను.

వాడు నా వెనకనుంచి వచ్చాడు. సీసా పట్టుకుని సగం మెట్లెక్కినవాడు అరుపులు వినబడగానే గోల్ చూద్దామని అడ్డదారిన క్యాంటీన్‌కు ఉరికాడట.

చల్లార్చే నీళ్లు ఆగిపోవడమే కారణమని తేల్చారు. కాగితం ఆవిరికి తడిసి ముద్దయింది, నన్నెవరూ అడగలేదు. ఆ అంకెలు చదివింది మా బామ్మర్ది ఒక్కడే, వాడికీ అనుమానం రాలేదు. ఆ జపాను ఆటగాడే తన ప్రాణం నిలబెట్టాడని ఈనాటికీ పిల్లలకు చెప్పుకుంటాడు.

ఇప్పుడు రీడింగులు కంప్యూటరే రాసుకుంటుందట, మంచిదే. ఒక్క టీవీ ముందు ఫ్యాక్టరీ అంతా ఊపిరి బిగబట్టి నిలబడే రోజులూ పోయాయి, ఎవరి ఫోన్ వాళ్లది. ఆఖరి మ్యాచ్ మాత్రం నా పక్కనే కూర్చుని చూస్తానని బామ్మర్ది పట్టుబట్టాడు. ఆ ఆటగాడు మైదానం వదిలిపోయేలోపు నిజం చెప్పేయాలని ఉంది. కానీ ఐతారం ఇంకా మూడు రోజులుండగానే, 'ఆ అంకెలు నేను ముందే రాసినవిరా' అన్న ఒక్క మాటను కాగితం మీద పదిసార్లు రాసి కొట్టేశాను.