మూలలు నల్లబడిన పిలుపు కార్డులు

మొన్న ఆదివారం మా మనవరాలు చాప మీద కూర్చొని, దళసరి కాగితాన్ని తడిగుడ్డతో ఒకసారి అద్ది, కుంచె కొసతో రంగు తాకించి, అది తడిలో తనంతట తాను పాకుతుంటే రెప్ప వేయకుండా చూస్తూ ఉంది. ఆరిన తరువాత దాని మీద బెండకాయ ముక్కతో పువ్వుల అచ్చులు వేసి స్నేహితురాలికి పుట్టినరోజు కార్డు ఇస్తుందట. ఇంతలో డబ్బాలో పసుపు రంగు అయిపోయింది, వంటింట్లో పసుపు కలుపుకోనా అమ్మమ్మా అని అడిగిందో లేదో, వద్దు బిడ్డా అని నేను పెట్టిన కేకకు పిల్ల బిత్తరపోయింది. పసుపు పండించి బతికే ఆర్మూరులో పుట్టి పెరిగినదానికి పసుపంటే ఇంత దడ ఏమిటని మీరూ నవ్వుకోవచ్చు. నా వయసువాళ్లకైతే చివరిదాకా వింటే అర్థమవుతుంది.

అప్పుడు నేను హైస్కూలులో చదువుతున్నాను. మా నాయన రైతే అయినా ఏకాదశి ఏకాదశికి భజన మందిరంలో పురాణం చదివి అర్థం చెప్పేవాడు. ఆయన పక్కన కూర్చొని వినీ వినీ నేను తెలుగు నేర్చుకున్నాను, దేవుణ్ణి నమ్మడమూ అక్కడే నేర్చుకున్నాను. ఆ ఏడు పసుపు అమ్ముడుపోయాక మా ఇంట్లో పురాణ సప్తాహం పెట్టించాలని నాయనమ్మ మొక్కుకుంది. చలికాలమంతా మంచం పట్టి, స్వామి దయ వల్ల లేచి కూర్చున్న మనిషి. ఆమె కోరిందల్లా ఒక్కటే, ఇద్దరు కొడుకులు ఒక పందిరి కింద కూర్చొని పురాణం వింటే కళ్లారా చూడాలని.

ఆ ఒక్కటే కష్టమైన సంగతి. ఏర్గట్లలో ఉండే మా పెద్దనాయన చేను పంపకాల దగ్గర నాయనతో మాటామాటా అనుకొని, అప్పటినుంచి మా గడప తొక్కలేదు. తల్లికి బాగలేదని తెలిసినప్పుడు కూడా పెద్దమ్మను పంపించాడు గాని తాను రాలేదు. పోయి నోటితో పిలవడానికి నాయనకు మనసు రాదు. పిలవకుండా, పురాణంలోని అన్నదమ్ముల ప్రేమ గురించి పదిమందికి ఎట్లా చెప్పాలో కూడా ఆయనకు తోచదు. అందుకని ఊరూరా చుట్టాలందరికీ కార్డులు పోవాలనీ, వాటితో పాటే అన్నకూ ఒకటి పోవాలనీ నిర్ణయం చేశాడు. ఆ కార్డులు చేసే పని నా మీద పడింది.

మా డ్రాయింగు సారు చెప్పిన పద్ధతి ఏమంటే, మొదట నీళ్లెక్కువ రంగు తక్కువగా పలుచటి పూత వేయాలి, అది బాగా ఆరాలి, ఆపైనే అచ్చు గుద్దాలి. ఆలుగడ్డను సగానికి కోసి నెమలి ఈక ఆకారంలో చెక్కుకున్నాను. అన్ని కార్డులకు పూత పూయడానికి నా డబ్బాలోని పసుపు బిళ్ల ఏ మూలకు సరిపోతుంది? అమ్మగా మిగిలిన పసుపు ఇంట్లో బుట్టెడు ఉన్నప్పుడు కొనడమెందుకని పసుపు నీళ్లే కుంచెతో పూసి, కార్డులను అరుగు మీద ఆరబెట్టాను. సప్తాహం కోసం ఆ అరుగుకు ముందురోజే సున్నం వేశారు. దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపులో సున్నం కలిపే చేస్తారని తెలిసి కూడా ఆ క్షణాన నాకు తట్టలేదు. తడికి వంగి అరుగుకు తగిలిన మూలలన్నీ ఎర్రగా తేలాయి. ఏడుపొచ్చినంత పనై, సారు చెప్పినట్టు ఒక రంగు మీద మరో రంగు పలుచగా వేస్తే సర్దుకుంటుందని మూలలకు నీలం పూశాను. తడి మీద ఉన్నప్పుడు అది స్వామి మేనిఛాయలా మబ్బు రంగుగా కనిపించి ప్రాణం కుదుటపడింది. ఇంకా పూర్తిగా ఆరకముందే మా మేనమామ ఏర్గట్ల వైపువన్నీ కట్ట కట్టుకొని పొద్దుటి బస్సు ఎక్కాడు.

ఆరేసరికి ఎరుపు మీది నీలం నల్లగా తేలింది. మిగిలినవాటికి నాలుగు మూలలా బొట్టు పెడదామని వచ్చిన అమ్మ అక్కడే నిలబడిపోయింది.

"గిదేంది బిడ్డా, మూలలకు నలుపు వెట్టినవ్? పిలుపా ఇది, సావు కబురా?"

మన కాలంలో మూలకు నలుపు పూసిన కార్డు వస్తే ఎవరూ లోపల ఏముందో చదివేవారు కాదని మీకు గుర్తుండే ఉంటుంది. చేతిలో పడగానే ఏడుపు లేచేది. తల్లి మంచాన ఉందని మాత్రమే తెలిసిన పెద్దనాయనకు ఆ కార్డు పోతోంది. పంపకాల నాడు నాయన పక్షాన మాట్లాడినందుకు మా మేనమామ ఆ ఇంట్లోకి అడుగు పెట్టడు, అరుగు మీద పెట్టి వెళ్లిపోతాడు, విడమరిచి చెప్పే దిక్కుండదు. విన్న నాయన భుజం మీద తువాలు వేసుకొని బస్టాండుకు నడిచాడు. ఆయన తిట్టి ఉంటే నాకు కొంత ధైర్యం వచ్చేది.

ఏమీ తెలియని నాయనమ్మ వాకిట్లో ఎండకు కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంది. నేను దేవుడి గది తలుపు దగ్గరికి వేసుకున్నాను. నామం అందుకుంటే సగంలో తెగిపోయేది, మళ్లీ అందుకుంటే మళ్లీ తెగిపోయేది. పెద్దనాయన కుప్పకూలితే ఎట్లా? కూలకపోయినా, తల్లి బతికుండగానే చావు కబురు పంపారని ఇక జన్మలో మా ముఖం చూడకపోతే ఎట్లా? నాయనమ్మ కోరిక నా చేతులతోనే చెడగొట్టానా స్వామీ అని, మా ఊరి సిద్ధుల గుట్ట మీది గుడి ఉన్న వైపు తిరిగి తల నేలకు ఆనించాను.

మధ్యాహ్నం కాకముందే వాకిట్లో జీపు ఆగిన చప్పుడు, వెంటనే అత్తా అని పెద్దమ్మ శోకం. తలుపు సందులోంచి చూస్తే పెద్దనాయన, చొక్కా గుండీలు ఎగుడుదిగుడు, కాళ్లకు చెప్పులు లేవు. చేటతో కూర్చున్న తల్లిని చూసి ఉన్నచోటే కూలబడ్డాడు.

నాయనమ్మ కళ్లు చికిలించింది. "ఏంరా, నేను సస్తెనే వస్తవా? బతికుంటె రావా?"

"కార్డు జూసి పానం వోయినంత పనైంది అవ్వా," అని ఆమె కాళ్లు పట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడుపు ఆపలేకపోతున్న పెద్దమ్మతో నాయనమ్మ, "ఇగ సాలు తియ్యే, జర దాసుకో, ముందుముందు అక్కరొస్తది," అన్నది. ఆ మాటకు నవ్వు వచ్చి, నవ్వినందుకు కోపం వచ్చి పెద్దనాయన ఇంటికప్పు అదిరేటట్టు అరిచాడు.

"గీ కార్డు జేసినోళ్లను ముందుగాల్ల గుంజకు కట్టుండ్రి!"

అప్పుడే బస్సు దొరకక తిరిగివచ్చిన నాయన గడప దగ్గర ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాయన లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, అన్న ముందు వంగి పెట్టి, "కాళ్లు గడుక్కో అన్నా," అన్నాడు. పెద్దనాయన ఆ చెంబు వైపు చూశాడు. తరువాత మెల్లగా లేచి కాళ్లు కడుక్కున్నాడు. సప్తాహం ముగిసేదాకా ఆయన మళ్లీ ఏర్గట్లకు పోలేదు.

అన్నదమ్ములిద్దరూ ఆ తరువాత ప్రతి సప్తాహానికీ ఒకే చాప మీద కూర్చున్నారు. నాయన ముందు పోయాడు. పోయినేడు పెద్దనాయన పోయిన కబురు నాకు ఫోనులో వచ్చింది, శుభోదయం పువ్వులకూ ఎవరివో పెళ్లిరోజు శుభాకాంక్షలకూ నడుమ ఒక ఫోటోగా, అన్నిటిలాంటి చిన్న చప్పుడుతోనే. భజనకు పోయి వచ్చి సాయంత్రం తెరిచి చూసేసరికి దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ఉన్నారు, అక్కడ ఆయనను తీసుకుపోవడం కూడా అయిపోయింది. అప్పటినుంచి ఆ చప్పుడు వినబడితే చాలు, చేతిలో జపమాల ఆగిపోతుంది. తెరిచి చూస్తే చాలాసార్లు పువ్వులే ఉంటాయి. అయినా ఆ వెంటనే చెప్పులు లేకుండా పరుగెత్తి పోవలసిన ఇల్లు ఒక్కటైనా నాకు మిగిలిందా అని లెక్క చూసుకుంటాను, స్వామి పేరు తలచుకొని మళ్లీ మొదటినుంచి చూసుకుంటాను.