తెరిచి ఉన్న గేటు

సిడ్నీలో మావాళ్లంతా కంప్యూటర్లలో వైటూకే పురుగును వెతుకుతున్న రోజుల్లో, పదో తరగతి తప్పిన నేను ఊళ్లకు దూరంగా, ఆస్ట్రేలియా వాళ్లు బుష్ అనే పొదల మైదానాల్లో గొర్రెలు కాసేవాణ్ని. ఒక సాయంత్రం బీడు కంచెకున్న ఒక గేటు బార్లా తెరిచి కనిపించింది. బుద్ధిమంతుడిలా మూసి వచ్చాను.

మర్నాడు యజమాని రాన్‌తో జీపులో వెళ్తే, గొర్రెలన్నీ ఆ గేటుకు అతుక్కుని రొప్పుతున్నాయి. నీళ్ల తొట్టి అవతల ఉంది. రాన్ గేటు తెరవగానే అన్నీ తొట్టి మీద పడ్డాయి.

"మూసిందెవరు?"

"నేనే. మా ఊళ్లో మూయకపోతే తిడతారు."

"ఇక్కడ తెరిచుంటే తెరిచే ఉంచు మేట్. మూసుంటే మూసే ఉంచు."

"నా పని ఉన్నట్టా, ఊడినట్టా?"

"జీపెక్కు. తర్వాతి గేటు నువ్వే చూసుకో."

ఆ గేటు తెరిచే ఉంది. ఏం చూసుకోవాలో అర్థంకాలేదు. అయినా దిగి, దాని చుట్టూ ఓసారి తిరిగి, ముట్టుకోకుండా వచ్చి ఎక్కాను.