తెరసెల్ల వెలుగు

మదనపల్లెలో కలర్ ల్యాబు మిషను ముందు పద్నాలుగేళ్ళు కూర్చున్నవాణ్ణి నేను. పేరు అరుణ్ కుమార్. పుంగనూరు, చౌడేపల్లె, కలకడ, అటు కుప్పం దాకా ఫోటోగ్రాఫర్లు తీసిన రీళ్ళన్నీ బస్సుల్లో నా దగ్గరికే వచ్చేవి. ఎవడికి పని వచ్చు, ఎవడు ఉత్త కోతలు కోస్తాడు అనేది వాళ్ళ ఇంట్లోవాళ్ళ కంటే ముందు నాకు తెలిసేది. నెగిటివ్ ముందు ఎవరి డాబూ సాగదు. అంత తెలిసినవాణ్ణని విర్రవీగే నా చేత తప్పు ఒప్పించిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆమె పుంగనూరు కమలాక్షి.

ఆ తప్పేమిటో ముందే చెప్పేస్తాను, దాచుకుంటే నాకేం వస్తుంది? రీలు పంపే ప్రతి ఫోటోగ్రాఫరూ కవరు మీద ఒకే మాట రాసేవాడు: ‘ముఖాలు తెల్లగా కొట్టు.’ నా మిషనులో అందుకొక మీట ఉండేది. రెండుసార్లు నొక్కితే ఎంత నల్లటి మనిషైనా గోధుమరంగుకు తేలేవాడు. మూడుసార్లు నొక్కితే సున్నం కొట్టినట్టయ్యేవాడు. కవరు మీద రాయకపోయినా నా వేలు దాని మీదికే పోయేది. నేనూ నల్లవాణ్ణే. నా పెళ్ళి ఫోటోలు నేనే ప్రింటు వేసుకున్నాను. మా అమ్మ ఆల్బం తెరిచి, మా ఆవిడ పక్కన కూర్చున్నది ఎవరని అడిగింది. ఆమె కంటిచూపు తగ్గిందనుకున్నాను తప్ప, నా వేలిని అనుమానించలేదు.

కమలాక్షి పుట్టుకతో ఫోటోగ్రాఫరేమీ కాదు. ఆమె భర్త నారాయణప్పకు పుంగనూరు బస్టాండు దగ్గర స్టూడియో ఉండేది. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో ఆయన తీసేవాడు, ఆమె ఇంట్లో కూర్చుని సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగిటివ్‌ల మీద మొటిమల మచ్చలు పూడ్చేది. పన్నెండేళ్ళు అదే పని. నెగిటివ్‌లో అన్నీ తిరగబడి ఉంటాయి. వెలుగు పడిన చోటు నల్లగా, పడని చోటు ఉత్త గాజులా ఉంటుంది. నల్లటి మనుషుల ముఖాలు ఆమె చేతికి వచ్చేసరికి దాదాపు ఖాళీగా ఉండేవి. ‘ఈడ నేను దిద్దేదానికి ఏముండాది? నువ్వు తీసుకొచ్చిందే లేదు’ అని మొగుడితో తగువు పడేదట.

తొంభై నాలుగులో నారాయణప్పకు చక్కెర జబ్బు కంటికి ఎక్కింది. ఫోకస్ కుదరడం మానేసింది. ఊరంతా స్టూడియో మూసేస్తారనుకున్నారు. కమలాక్షి కెమెరా మెడలో వేసుకుంది, ఫ్లాష్ మొగుడి చేతికిచ్చింది. కెమెరా మీద ఉండాల్సిన ఫ్లాష్‌ను పొడుగాటి తీగతో విడదీసి, ఆయన్ను పక్కన నిలబెట్టి తీసేది. మా ఫోటోగ్రాఫర్లు పడి పడి నవ్వారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆమె దగ్గర ఒక నులక తాడు ఉండేది. ఒక కొస ఫ్లాష్ పిడికి కట్టి ఉంటుంది. ఎనిమిది అడుగుల దగ్గర ఒక ముడి, పదకొండు దగ్గర ఒకటి, పదహారు దగ్గర ఒకటి. రెండో కొస పట్టుకుని మనిషి ముఖం దాకా కొలిచేది. మొదటి ముడికి లెన్సు కన్ను పదకొండు మీద, రెండో ముడికి ఎనిమిది మీద, మూడో ముడికి ఫైవ్ సిక్స్ మీద. అంకె తగ్గే కొద్దీ కన్ను పెద్దగా తెరుచుకుని ఎక్కువ వెలుగు తాగుతుంది. షట్టరు మాత్రం అరవై మీదే, దాన్ని ముట్టదు. ఫ్లాష్‌లో ఆటోమేటిక్ కన్నొకటి ఉన్నా దాన్ని నమ్మేది కాదు. కురబలకోట గొర్రెలకాపరి ఒకాయన తెల్లటి తలపాగాతో వస్తే, ఆ కన్ను తలపాగా మెరుపు చూసి వెలుగు చాలనుకుని ఆగిపోయిందట. తలపాగా దివ్యంగా వచ్చింది, దాని కింద మనిషి లేడు. ఆ రోజు నుంచి తాడు, ముడులు, నల్లటి ముఖమైతే లెన్సు కన్ను ఇంకో మెట్టు ఎక్కువ తెరవడం. మళ్ళీ పిలిపించి, బ్లాక్ అండ్ వైట్‌లో తీసి ఇంట్లోనే కడుక్కున్న ఆ కాపరి ఫోటోనే ఆమె స్టూడియో ముందరి అద్దాల్లో పెట్టుకుంది. ముడతలు, మీసం, కళ్ళల్లో నవ్వు, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు.

ఆ ఫోటో చూసే తొంభై ఎనిమిదిలో రెడ్డెమ్మ లోపలికి వచ్చింది. ఆమెది కుప్పం, పుట్టిల్లు పుంగనూరు. కూతురు నవనీతకు సంబంధం కుదిరింది. పిల్లది చామనఛాయ కూడా కాదు, నలుపే. అబ్బాయి ఎర్రగా ఉంటాడు. నిశ్చితార్థం ఫోటోలు వేరే ఎవరో తీశారు. ఎదురుగా ఫ్లాష్ కొడితే అబ్బాయి వెలిగిపోయాడు, పిల్ల చీకట్లో కలిసిపోయింది. అబ్బాయి మేనత్త తిమ్మక్క ఆ ఫోటో పదిమందిలో పట్టుకుని, ‘యాడమ్మా పెండ్లికూతురు, పండ్లు మాత్రం కనబడతాండాయే’ అంది. నవనీత ఫోటోలన్నీ చించేసింది. పెళ్ళిలో కెమెరా కనిపిస్తే పీట మీద నుంచి లేచిపోతానంది.

‘బిడ్డ పెండ్లికి ఒక్క ఫోటో అన్నా లేకుంటే ఎట్లమ్మా?’ అని రెడ్డెమ్మ కళ్ళు తుడుచుకుంది.

కమలాక్షికి కోపం వస్తే ముందూ వెనకా చూడదు. ‘నీ బిడ్డ ముఖం నీ బిడ్డ ముఖం మాదిరే వస్తాది. రాకుంటే నేను మళ్ళా కెమెరా ముట్టను. నీ బిడ్డకు పోయి ఈ మాట సెప్పు’ అంది.

పక్కనున్న నారాయణప్ప తల పట్టుకున్నాడు. స్టూడియో తప్ప వాళ్ళకు వేరే ఆధారం లేదు. ఆ మాట కుప్పం ఫోటోగ్రాఫర్లకూ పాకింది. చూద్దాం అని కాచుకుని కూర్చున్నారు.

పెళ్ళి పొద్దున ఏడున్నరకు. మండపం గోడలకు పచ్చరంగు, పైన ఎర్రా నీలం షామియానా. ఫ్లాష్ పైకి కొడితే ఆ రంగులన్నీ ముఖం మీదికి దిగుతాయి. నేరుగా కొడితే, నలుగు పెట్టి నూనె రాసిన ముఖం నుదుటి మీద, ముక్కు మీద తళుక్కుమని మెరిసి మిగతాదంతా మసి. కమలాక్షి రెండు మూడు ఫోటోలు తీసింది, ఆపేసింది. పెళ్ళికూతురేమో తల ఎత్తడం లేదు. పురోహితుడు చూపించిన పీట మీదే కూర్చోవాలి కాబట్టి ఆమెను వెలుగు వైపుకు జరిపే వీలూ లేదు.

సరిగ్గా అప్పుడు జీలకర్ర బెల్లం అయ్యింది. వధూవరుల మధ్య ఇద్దరు మేనమామలు పట్టుకున్న తెరసెల్ల కిందికి దిగింది. పసుపులో ముంచి ఆరేసిన పలచటి నూలు గుడ్డ. ఒక మామ మడవబోయాడు.

‘మడవొద్దప్పా!’ కమలాక్షి కేక పెళ్ళిపందిరంతా వినబడింది. ‘ఆ గుడ్డ ఎత్తి బిడ్డ పక్కన పట్టుకోండి. ఏమయ్యా, నువ్వు గుడ్డ ఎనక్కి పో!’

పురోహితుడు తెరసెల్ల పని అయిపోయిందమ్మా అన్నాడు. ‘మీ పని అయింది సామీ, నా పని ఇప్పుడే మొదులు’ అంది.

మామలు నవ్వుకుంటూనే పట్టుకున్నారు. నారాయణప్ప ఫ్లాష్ పట్టుకుని గుడ్డ వెనక్కి వెళ్ళాడు. తాడు కొలిస్తే మొదటి ముడికి పిల్ల ముఖం అందింది. అంటే పదకొండు. గుడ్డ రెండు మెట్లు మింగుతుంది, ఫైవ్ సిక్స్. నవనీతకు ఇంకో మెట్టు, నాలుగు. ఎర్రటి అబ్బాయి ఫ్లాష్‌కు దూరంగా పడ్డాడు కాబట్టి తెల్లబోడు. ఫ్లాష్ వెలిగింది. ముఖం మీద పొడుచుకునే వెలుగు కాదది, పెద్ద కిటికీలోంచి ఉదయపు ఎండ పడినట్టు పడింది. కళ్ళు జిగేలుమనకపోయేసరికి నవనీత ఆశ్చర్యపోయి తలెత్తింది. కమలాక్షి రెండోది కొట్టింది. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, ఆ గుడ్డ ఎటు పోతే మేనమామలు అటు పోయారు.

ఐదు రీళ్ళు నా దగ్గరికి వచ్చాయి. మొదటి దాన్ని మిషనుకు ఎక్కించి చూశాను. అంతా పసుపు తిరిగింది. ఆడమనిషి కదా, రంగు చూసుకోలేదు పాపం అనుకున్నాను. నాకు దయ ముంచుకొచ్చింది. పసుపంతా తీసేశాను. పెళ్ళికూతురు నల్లగా ఉంది కాబట్టి నా మీట రెండుసార్లు, కొన్నింటికి మూడుసార్లు నొక్కాను. గొప్ప ఉపకారం చేశానని బస్సుకు వేసి పంపాను.

మరునాడు మధ్యాహ్నం కమలాక్షి ల్యాబులో నిలబడి ఉంది. ఫోటోల కట్ట నా బల్ల మీద పడింది. నవనీత ముఖం బూడిద రంగులో ఉంది.

‘ఎవురప్పా ఈ పిల్ల?’ అంది.

‘పసుపు తిరిగిందక్కా, నేనే సరిచేసినా...’

‘నెగిటివ్ తీయ్.’

లైటు బల్ల మీద పెట్టాను. ఆమె తన పాత పెన్సిలు తీసి, తాకీ తాకకుండా చూపించింది. ‘ఈడ సూడు. సెంప కింద నీడ ఉండాది. ముక్కు పక్కన వెలుగుండాది. రెప్పల ఎంట్రుకలు సుదా ఉండాయి. ఇన్నేండ్లకు ఒక నల్లబిడ్డ ముఖం నెగిటివ్‌లో నిండుగా ఉండాది. నేను ఇంత తెస్తే నువ్వు యాల తుడిచేసినావు? పెండ్లి గుడ్డలోంచి వచ్చిన పసుపప్పా అది. పెండ్లిలో పసుపు లేకుంటే ఇంకేముంటాది? నా నోటి మాట కుప్పంలో ఉండాది. నీ వేలితో నా కెమెరా దించేయిస్తాండావు నువ్వు.’

వంగి చూశాను. నిజంగా అన్నీ ఉన్నాయి. పన్నెండేళ్ళు ఖాళీ ముఖాలు చూసి విసిగిన మనిషి కంటికి అవి కనబడ్డాయి, నాకు కనబడలేదు.

‘మిషను సొంత తెలివి ఆపెయ్. నీ తెలివీ ఆపెయ్. ఉండేది ఉండేట్టు కొట్టు’ అంది.

చేతులు ఒళ్ళో పెట్టుకుని ప్రింటు వేశాను. మిషను నోట్లోంచి మెల్లగా నవనీత వచ్చింది. నల్లటి పిల్ల, అచ్చం నల్లటి పిల్ల. చెంప మీద పసుపు వెచ్చదనం, కొంచెం ఎత్తిన కళ్ళు, పెదవి చివర అప్పుడే మొదలైన నవ్వు. అంత అందమైన ముఖం ఆ మిషనులోంచి అంతకుముందు రాలేదు. అది నా చేతకానితనమే తప్ప ఊళ్ళో అందం లేక కాదని అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రికి రాత్రే కాదు గాని, ఆ వారంలోనే నా పెళ్ళి నెగిటివ్ వెతికి మళ్ళీ వేశాను. మా అమ్మ ఈసారి ఎవరని అడగలేదు.

ఆల్బం ఇచ్చే రోజు నన్నూ కుప్పం రమ్మంది. తప్పు చేసినవాడు కళ్ళారా చూడాలట. రెడ్డెమ్మ ఇంట్లో రెండు వైపుల వాళ్ళూ ఉన్నారు. నవనీత ఆల్బం తీసుకుని, తెరవకుండా చాలాసేపు ఒళ్ళో పెట్టుకుంది. నారాయణప్ప నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆయనకు మసకచూపు కదా, ‘బిడ్డ ముఖం ఎట్లుండాది?’ అని చెవిలో అడుగుతున్నాడు. నేను చెప్పేలోగా ఆ పిల్ల అట్ట తెరిచింది. ఒక పేజీ, రెండు పేజీలు. మూడో పేజీ దగ్గర వేలు పెట్టి, ‘అమ్మా, ఇది నేనే’ అంది.

అంతే అంది. రెడ్డెమ్మ ఏడ్చేసింది. కమలాక్షి మాత్రం గోడ వైపు తిరిగి, లెన్సుకు లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. కొత్త పెళ్ళికొడుకు ఆ ఫోటో పెద్దది చేయించి ముందుగదిలో పెడదామన్నాడు. తిమ్మక్క ఆల్బం లాక్కుని మూడుసార్లు తిరగేసింది. ఈసారి పళ్ళ ఊసు ఎత్తలేదు. చివరికి పైట సర్దుకుని, ‘ఇదో, కమలాక్షమ్మా, ఆ గుడ్డ పట్టించి నాకూ ఒకటి తీస్తావా?’ అంది. ఇల్లంతా ఒకటే నవ్వు. తీసింది కూడా. రెడ్డెమ్మ ఆ తెరసెల్లను ఉతికి, మడిచి, తాంబూలంలో పెట్టి కమలాక్షికే ఇచ్చేసింది.

ఆ మాఘమాసానికి కుప్పం నుంచి కలకడ దాకా పెళ్ళివాళ్ళు ‘గుడ్డ పట్టి తీసే ఆమె’ కోసం పుంగనూరు బస్టాండులో దిగారు. నవ్విన ఫోటోగ్రాఫర్లు పొడుగు తీగల కోసం నా దగ్గర వాకబు చేశారు. నా మీట మీద నేను కాగితం ముక్క అంటించాను. ఎవరైనా తెల్లగా కొట్టమంటే, మనిషిని ముందు పిలుచుకుని రా, చూసి కొడతానని చెప్పేవాణ్ణి. కొంతమంది ఇంకో ల్యాబుకు పోయారు. పోనీ.

రెండు వేల ఏడులో ఒకరోజు ఫ్రేములు ఇవ్వడానికి పుంగనూరు వెళ్ళాను. అప్పటికి కమలాక్షి చేతిలో డిజిటల్ కెమెరా. నారాయణప్పకు చూపు పూర్తిగా పోయింది, అయినా ఫ్లాష్ ఆయన చేతిలోనే ఉంది. తాడు లాగితే ముడి తగులుతుంది, చూపుతో పనేముంది? నవనీత కుప్పం నుంచి వచ్చింది, ఏడేళ్ళ కూతురితో. పిల్ల తల్లి రంగే. బళ్ళో డాన్సు ఫోటోకు ముఖం నిండా పౌడరు పూసి తీశారట, ఏడ్చి గోల పెట్టిందట. అద్దాల్లో, కాపరి పక్కన ఉన్న తల్లి పెళ్ళి ఫోటోను చూపించి, ‘అమ్మ మాదిరే తీయవ్వా’ అంది కమలాక్షితో.

మేనమామలు లేరు కదా. పెట్టెలోంచి తెరసెల్ల తీశారు. పసుపు వెలిసిపోయి లేత గంధం రంగులోకి వచ్చింది. ఒక కొస నవనీత పట్టుకుంది, రెండో కొస నేను పట్టుకున్నాను.

‘అరుణ్, సెయ్యి దించొద్దప్పా’ అని కసిరింది కమలాక్షి. వెలుగు గుడ్డలోంచి పిల్ల ముఖం మీదికి వచ్చింది. పిల్ల గడ్డం ఎత్తి, ఊరంతటినీ గెలిచినట్టు నవ్వింది.

ఆ ఫోటో మదనపల్లెలో నేనే ప్రింటు వేశాను. ఏ మీటా ముట్టలేదు.