నాలుగు స్వరాలకు ఒక ఊపిరి

మొన్న ఒకాయన మా ఇంటికి వచ్చాడు. మన తెలుగాయనే. కొత్తగా హోటల్ పెడుతున్నాడట, గోడల మీద పాతకాలపు వస్తువులు తగిలిస్తాడట, మీ దగ్గర శాక్సోఫోన్ ఉందని విన్నాను, ఇస్తారా అని అడిగాడు. ఇత్తడి నల్లబడినా ఫరవాలేదు, మోగకపోయినా ఫరవాలేదు, చూడ్డానికి బాగుంటే చాలన్నాడు. ఇంటికొచ్చిన మనిషి కదా అని టీ ఇచ్చాను. గ్లాసు కింద పెట్టాక చెప్పాను. "అది మోగుతది సారూ. మోగేదాన్ని మేకుకు ఉరేస్తరా?" ఆయన నవ్వుదామా వద్దా అన్నట్టు చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అప్పటినుంచి మా ఆయన గురించి చెప్పాలని ఒకటే ఆరాటం. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఏదీ తీసేయొద్దని దానికి ముందే చెప్పాను.

మా ఆయన సూరత్‌లో సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. మేముండేది అక్కడే, లింబాయత్ పేటలో. ఆయన షెడ్డు ఊరి బయట, కడోదరా దగ్గర. పగలంతా అక్కడ చీర బట్ట నేయడం, పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రాలు బ్యాండులో శాక్సోఫోన్ ఊదడం. దాని మూతి దగ్గర రీడని ఒకటి ఉంటుంది, పలచటి బద్ద. ఊదే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. సాయంత్రం బ్యాండు ఉన్న రోజు మా ఆయన మధ్యాహ్నం నుంచే దాన్ని నాలుక మీద పెట్టుకుని సాంచాల మధ్య తిరిగేవాడు. సేఠ్ తిట్టినా పలికేవాడు కాదు. నేను అన్నం డబ్బా తీసుకెళ్లి పలకరించినా తల ఊపేవాడు. పెళ్లయిన కొత్తలో, మా వాళ్లు నన్ను మూగవాడికి కట్టబెట్టారా అని నిజంగానే భయపడ్డాను. పైగా ఒకటో రెండో కాదు, ఇరవై సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే నాకు తలనొప్పి వచ్చేది. ఆయన మాత్రం కళ్లు మూసుకుని, "ఏ రెండూ ఒక్కతీరు కొట్టవు, ఇను" అనేవాడు. ఏం వినాలో నాకు తెలిసేది కాదు.

ఆయనకు జాజ్ అంటించింది ఒక గోవా ముసలాయన. గుజరాత్‌లో మందు దొరకదు కాబట్టి, తాగేవాళ్లంతా శనివారం దమన్ పోతారు. అక్కడ సముద్రం పక్కన ఒక హోటల్లో ఆ ముసలాయన నలుగురితో కలిసి వాయించేవాడు. ఒక పెళ్లి బ్యాండులో మా ఆయన ఊదడం విని, నా దగ్గరికి రా, నేర్పుతానన్నాడట. ఇక ప్రతి శనివారం తెల్ల చొక్కా వేసుకుని బస్సెక్కడమే. పన్నెండేళ్లు వెళ్లాడు. పోట్లాడి పోట్లాడి ఒక్కసారి నేనూ వెళ్లాను. జనం చేపలు తింటున్నారు, గ్లాసులు తాకించుకుంటున్నారు, ఒక్కడూ వినడం లేదు. మా ఆయన ముందు పాటను పాటలాగే ఊదాడు. తర్వాత దాన్ని వదిలేసి ఎక్కడెక్కడికో పోయాడు, నాకు అడ్రసు దొరకలేదు. అయిపోయిందనుకున్నప్పుడు మళ్లీ అదే పాటలోకి వచ్చాడు, చెమటతో, నవ్వుతూ, ఊరు తిరిగొచ్చినవాడిలా. ఇంట్లో నేనెప్పుడూ చూడని మొహం అది. నాకు కోపం వచ్చింది. బస్సులో అడిగాను, "పెండ్లిళ్లల్ల గిట్ల ఎందుకు ఊదవు?" అని. "ఆడ ఊదితే బ్యాండ్ మాస్టర్ తంతడే" అన్నాడు.

తన్నలేదు గానీ అంత పనీ అయింది. సూరత్‌లోనే వరాఛాలో ఒక వజ్రాల వ్యాపారి కొడుకు పెళ్లి. బరాత్, అంటే పెళ్లి ఊరేగింపు, నడుస్తోంది, గుర్రం మీద వరుడు, ముందు ఆడామగా ఎగురుతున్నారు. ఏం పుట్టిందో, మా ఆయన నడిరోడ్డు మీద పాటను వదిలేసి దమన్ దారి పట్టాడు. ఎగిరేవాళ్ల కాళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గుర్రమొక్కటే ఆగలేదు, వరుడితో సహా ముందుకెళ్లిపోయింది. మా వాడే అయిన బ్యాండ్ మాస్టర్, తర్వాతి పెళ్లి నుంచి ఆయన్ని వెనక వరసకు, డోలు పక్కకు నెట్టేశాడు. పశ్చాత్తాపం లేదా అని అడిగితే, "గుర్రానికి సమజైంది" అన్నాడు.

తర్వాత కరోనా వచ్చింది. సాంచాలన్నీ ఒక్కరోజులో ఆగిపోయాయి. మా వీధిలో సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి, అందరూ కరీంనగర్, సిరిసిల్ల దారి పట్టారు. మనమూ పోదామన్నాను. "నా పని ఈడుంది" అన్నాడు. పనెక్కడుంది, పెళ్లిళ్లు లేవు, దమన్ హోటల్ మూత, గోవా ముసలాయన ఆ మొదటి ఏడాదే పోయాడు. మా ఆయన రోజూ గ్యాలరీలో, అంటే వీధి వైపు బాల్కనీలో, కూర్చుని ఊదేవాడు. మా సొసైటీ ప్రముఖ్, అంటే బిల్డింగు పెద్ద, మంచివాడే గానీ భయస్తుడు, గేటు దగ్గర కాగితం అంటించాడు. ఊదే వాయిద్యాలు బంద్, గాలిలో రోగం వస్తుందని. మొత్తం బిల్డింగులో ఊదే వాయిద్యం మాదొక్కటే.

రెండో ఏడాది ఆయనకే అంటుకుంది. ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు, నన్ను లోపలికి రానివ్వలేదు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏం చేయాలో తెలియక అన్నీ కడిగాను. దుప్పట్లు, గిన్నెలు, తలుపు గొళ్లేలు. చివరికి శాక్సోఫోన్ మీద పడ్డాను. రోగమంతా దాని కడుపులోనే ఉందనిపించింది. ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు పోసి, ఉప్పు, పసుపు, సర్ఫు వేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నానబెట్టాను. తోమి, తుడిచి, ఎండలో పెట్టాను. బంగారంలా మెరిసింది. ఆయన ఇంటికొచ్చి, మెట్ల మీద మూడుసార్లు కూర్చుని పైకెక్కి, ముందు పెట్టె తెరిచాడు. మీటలు నొక్కాడు. ప్రతి మీట కింద తోలు గుండీలుంటాయి, గాలి మూసేవి. అవన్నీ నానిన అప్పడాల్లా ఉబ్బి ఊడిపోయాయి. ఊడినదొకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "దీనికి గూడ అచ్చిందానే?" అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది, దగ్గు ఆగలేదు.

డాక్టరు ఊపిరితిత్తులు సగం పోయాయన్నాడు. ఊదడం మాట మర్చిపోమన్నాడు. ఆ రోజు భోజనం దగ్గర మా ఆయన నాతో ఒక్కటే అన్నాడు. "ఇంకోసారి ఊదాలె. ఒక్కసారి. మంది ఇనంగ." ఇక నాకు నిద్రలో కూడా అదే మాట. పాడు చేసింది నేను కదా.

దుకాణాలు మూతబడ్డాయి, తెరిచినా ఆ తోలు గుండీలు దొరికే దుకాణం సూరత్‌లో ఎక్కడుందో మాకు తెలియదు. నా పాత తోలు పర్సు కోశాను. శాలువా కోసి మెత్తటి గుడ్డ తీశాను. ఆయన గీసిస్తే గుండ్రంగా కత్తిరించాను, పెద్దవి, చిన్నవి, మినపగింజంతవి. గాజులమ్మే ఆమె దగ్గర లక్క తెచ్చాను. కొవ్వొత్తి మీద కరిగించి ఆయన అంటించేవాడు. గాలి పోయినచోటల్లా పీకి మళ్లీ అంటించేవాడు. నెలన్నర పట్టింది. మిగిలిన సమయంలో ఆసుపత్రి వాళ్లిచ్చిన మూడు బంతుల డబ్బా పట్టుకుని గాలి పీల్చేవాడు. మొదట ఒక బంతే లేచేది. రెండోది లేచిన రోజు నేను సేమ్యా చేశాను. మూడోది ఎన్నడూ లేవలేదు.

పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయని విని బ్యాండ్ మాస్టర్‌కు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టి నాలుగు ముక్కలు ఊది వినిపించాడు. నాలుగు స్వరాలు, ఒక ఊపిరి. మళ్లీ నాలుగు, మళ్లీ ఊపిరి. అవతలి నుంచి మాస్టర్, "అన్నా, తప్పు పట్టుకోకు. గిట్ల ఆగుకుంట ఊదితే గుర్రం ముందట ఎవడెగురుతడు? నీ జాగల వేరేటోన్ని పెట్టిన" అన్నాడు. మా ఆయన ఫోన్ పెట్టేసి, రీడు తుడిచి, డబ్బాలో పెట్టాడు. ఆ పూట అన్నం తినలేదు.

కింది ఇంటి వాళ్లమ్మాయి పెళ్లి కుదిరింది. వాళ్లూ మాలాగే సాంచాల వాళ్లు. కొద్దిమందితో ఇంట్లోనే పెళ్లి, బ్యాండు లేదు. ముందురోజు పిల్ల పైకొచ్చింది, చేతులకు గోరింటాకుతో. "కాకా, రేపు నేను పోయేటప్పుడు నువ్వు బజాయించాలె. లేకుంటే గాడీ ఎక్క, మమ్మీకి గూడ చెప్పిన" అంది. "ఊపిరి సరిపోదు బిడ్డా" అన్నాడు. "ఎంతుంటే అంతే చాలు, చలేగా యార్" అని మెట్లు దిగిపోయింది. ఆ పిల్ల పుట్టినప్పటినుంచి ఈయన రాగాలకే నిద్రపోయి, ఈయన రాగాలకే లేచింది.

మర్నాడు మధ్యాహ్నం అప్పగింతలయ్యాయి. ఆయన గ్యాలరీలో నిలబడ్డాడు. శాక్సోఫోన్‌కు గాలి బయటికొచ్చే పెద్ద నోటికి నేను చీర ముక్కతో రెండు పొరల మాస్కు కుట్టి కట్టాను. అప్పగింతల పాట ఊదడం మొదలుపెట్టగానే కింద ప్రముఖ్ గొంతు వినిపించింది. నేను వంటింటి స్టూలు తెచ్చి మెట్ల చివర అడ్డంగా వేసి కూర్చున్నాను. ప్రముఖ్ రొప్పుతూ వచ్చి నాలుగు మెట్ల కింద ఆగాడు, దూరం పాటించాలి కదా.

"బెన్, బంద్ కరావో. నియమ్ ఛే" అన్నాడు. ఆపించమ్మా, రూలుంది అని.

"మాస్క్ లగాయా హై" అన్నాను. "నాకూ ఉంది, బాజాకూ ఉంది."

"పోలీసులకు ఫోన్ చేస్తాను."

"చెయ్యి. పాట అయినంక నేనే ఠాణాకు వస్త. పాట కానియ్యి."

"ఎంతసేపు పాట?"

"ఆయనకు ఊపిరి ఉన్నంతసేపు."

నాలుగు స్వరాలు, ఊపిరి. ఆగిన ప్రతిసారీ అయిపోయిందనుకుని ప్రముఖ్ ఒక కాలు పై మెట్టు మీద పెట్టేవాడు. మళ్లీ మొదలవగానే కాలు కిందికి తీసేవాడు. మా ఆయన అప్పగింతల పాటను వదిలేశాడు. ఎటో పోతున్నాడు. ఉన్నట్టుండి శబ్దం విప్పారింది, వీధంతా నిండింది. బాజా మాస్కు పీకేశాడని నాకు తెలిసింది. ప్రముఖ్‌కూ తెలిసింది. నా మొహంలోకి చూశాడు. నేను స్టూలు మీంచి లేవలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఆగిన ఆ చోట్లలో ఊపిరి చాలని మనిషి లేడు. ఏ రెండూ ఒక్కతీరు కొట్టని సాంచాలున్నాయి. అప్పుడు విన్నాను నేను, అన్నేళ్లకు. చివరికి ఎక్కడ తిరిగాడో తిరిగి, పిల్ల పాటలోకే వచ్చి, మెల్లగా దించేశాడు. కారు కదిలింది. ప్రముఖ్ పోలీసులకు ఫోన్ చేయలేదు. కిందికి దిగి, గేటు దగ్గర ఊడుతున్న కాగితాన్ని మళ్లీ గట్టిగా అంటించి వెళ్లాడు.

మా ఆయన ఆ తర్వాత ఎనిమిది నెలలు బతికాడు. మళ్లీ ఊదలేదు, ఊదాలనీ అనలేదు. పోయాక బ్యాండ్ మాస్టర్ వచ్చి, "వదినే, అన్నకు జర అన్యాయం చేసిన" అంటే, "నీకు సమజ్ గాలేదు, అంతే" అన్నాను. ఆయనతో ముప్పై ఒక్క ఏళ్లు ఎట్లా పోయాయో అడిగితే చెప్పలేను, వాటంతటవే పోయాయి. ఆ మధ్యాహ్నం కాసేపు మాత్రం మెట్లకు అడ్డంగా కూర్చుని కాలాన్ని నేనే ఆపాను.