నాలుగు దాటితే మిక్సీ వద్దు

మధ్యాహ్నం నాలుగు కొట్టకముందే ఈశ్వరి మిక్సీ పని ముగించేసేది. పప్పు రుబ్బడం, పచ్చడి నూరడం, కొబ్బరి తిప్పడం, ఏదైనా సరే ముందే అయిపోవాలి. నాలుగు నుంచి ఆరు దాకా వంటింట్లో గిన్నె కూడా మోగకూడదు. ముందుగదిలో ధనరాజ్ లైవులో ఉండేవాడు. ఆ రెండు గంటలూ చేతికి పని లేక ఆమె ఆ గది గుమ్మంలో కాళ్లు చాపుకు కూర్చుని, మొగుడు టీవీలో లారీ తోలుతుంటే చూసేది.

ఆషాఢంలో ఆయన పోయాడు. ఇప్పుడు మిక్సీ ఎప్పుడు వేసినా అడిగే మనిషి లేడు. ఒక్కోరోజు సరిగ్గా నాలుగింటికే, జారులో ఏమీ లేకపోయినా తిప్పుతుంది. ఇల్లంతా ఆ మోత నిండితే కాస్త నయం. ఆ తర్వాత తోమిన గిన్నెలే మళ్లీ తోముతుంది. గుమ్మంలో మాత్రం కూర్చోదు.

ధనరాజ్ సాలూరులో ఇరవై రెండేళ్లు లారీ తోలాడు. రాయపూర్ దారిలో ఘాటీ మలుపులన్నీ ఆయనకి, కరెంటు పోయినప్పుడు సొంతింట్లో నడిచినంత తెలుసు. నడుం పూస జారి, ఇంక స్టీరింగు పట్టొద్దని డాక్టరు అన్నాక ఆరు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన అక్క కూతురు ఝాన్సీ విజయనగరంలో కాలేజీకి వెళుతుంది. ఆ పిల్లే తన పాత గేము పెట్టె తెచ్చి టీవీకి తగిలించింది.

"మావా, ఇందులో లారీ ఉన్నాది. నడుం నొప్పెట్టదు, తోలుకో."

ఆయన ముందుగా పెట్టె కింద నిమ్మకాయ పెట్టాడు. ఝాన్సీ పడీ పడీ నవ్వింది.

"నవ్వకే. బండి బండే" అన్నాడు.

చేతిలో పట్టుకునే ఆ మీటల రిమోటుని కళ్లకద్దుకోకుండా ఏనాడూ బండి తియ్యలేదు. ఆటలో కుర్రకారు గుద్దుకుంటూ పోతుంటే ఈయన మలుపుకో హారన్ కొట్టి, ఎర్రలైటు దగ్గర ఆగి, దిగుడులో ఏ గేరులో దిగాలో చెప్పుకుంటూ పోయేవాడు. ఆ ఆటనీ, మైకులో ఈయన మాటనీ నెట్లో లైవుగా పెట్టడం కూడా ఝాన్సీయే నేర్పింది. ఆ మాటల కోసమే ఎక్కడెక్కడి డ్రైవర్లూ ధాబాల దగ్గర మంచాల మీద పడుకుని ఫోన్లలో ఆయన లైవు చూసేవారు. అందరికంటే ముందు నూకయ్య వచ్చేవాడు. ఒకప్పుడు ఈయన దగ్గర క్లీనరు, ఇప్పుడు తనే డ్రైవరు.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో నూకయ్యే లైవు కింద రాశాడు, "అన్నా, నీ మాట ఎనకాల ఏదో గుర్రుమంటన్నాది" అని. అప్పుడే ఇంట్లోకి కొత్త మిక్సీ వచ్చింది. "ఇంకేటి, నీ మిక్సీయే" అన్నాడు ధనరాజ్ ఈశ్వరితో. ఒకపూటంతా ఏవేవో పరీక్షలు చేసి, నాలుగు దాటితే మిక్సీ వద్దని తేల్చేశాడు. ఆయన చొక్కా తడిసిపోతోందని ఈశ్వరి కుర్చీ వెనక పెట్టిన టేబుల్ ఫ్యానుని కూడా ఆ రోజే ఎత్తుకెళ్లి గుమ్మం దగ్గర పెట్టాడు.

"నాకు సలవ సేస్తాది. ఆ గాలికి నువ్వు కూసో."

ఈశ్వరి దగ్గర ఆయన ఫొటోలున్నాయి, మాట లేదు. ఈమధ్య ఆ గొంతు చెవికి పట్టు దొరకడం లేదు. ఎవరో పిలిచినట్టుంటుంది, తీరా ఆలకిస్తే జారిపోతుంది. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేక, మార్గశిరంలో ఒకనాడు ఝాన్సీకి ఫోను చేసింది. "మీ మావ మాట ఆ పెట్టెలో ఏటైనా మిగిలిందేమో సూడవే" అంది.

ఆదివారం మొదటి బస్సుకే ఝాన్సీ దిగింది. పెట్టె వేస్తే లైటు వెలిగింది గానీ టీవీలో నీలం రంగు తప్ప ఏమీ లేదు. వైరు తీసి దులిపింది, మళ్లీ పెట్టింది. ఊహూ.

"మొదటి కన్నం వొదులైపోనాదే. మీ మావ అగ్గిపుల్ల ముక్క దోపీవోడు. రెండోదాన్లో పెట్టు" అంది ఈశ్వరి.

బొమ్మ వచ్చింది. దాచిన రికార్డింగులు తొంభై పైన ఉన్నాయి. ఝాన్సీ మొదటిది పెట్టింది. ఇంజను మోత, వాన, హారన్. రెండోదీ అంతే. పదోదీ అంతే.

"బండి మాట్లాడతన్నాది, మీ మావేడే?"

ఝాన్సీ పెట్టె సెట్టింగులన్నీ తిరగేసింది. "అత్తా, లైవులోకి మావ మాట ఎల్లీది. ఇక్కడ దాసుకున్న వీడియోల్లోకి మైకు మాట రావాలంటే ఏరేగా నొక్కాలి. మావ నొక్కలేదు. ఆ లైవులేమో రెండు వారాలకి వాటంతటవే సెరిగిపోతాయి."

"అంటే నేదు."

ఝాన్సీ చేతిలో రిమోటు కింద పెట్టింది.

ఈశ్వరి లేచి వంటింట్లోకి వెళ్లింది. ఏడుపు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి నానబోయడం ఆమెకు అలవాటైంది. రేపటి దోసెలకని మినప్పప్పు కడిగి నీళ్లు పోసింది. తుడిచిన మిక్సీనే మళ్లీ తుడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, తడి చేతులతోనే ముందుగదిలోకి వచ్చింది.

"ఒసే ఝాన్సీ! ఆ పరీచ్చ సేసిన రోజు నా సేత పదిసార్లు మిక్సీ ఎయ్యించినాడు. తరవాత నాను జారు కడుగుతుంటే టీవీలో మిక్సీ తిరిగినట్టు ఇనబడ్డాది. నా మిక్సీ సప్పుడు అందులోకి ఎక్కిందంటే, ఆ మనిసి మాటా ఎక్కాలి కదే?"

ఝాన్సీ నోరు తెరిచి చూసింది. "ఎక్కాలి అత్తా! ఆ రోజుకి మైకు నొక్కి ఉంటాడు. ఏ రోజది?"

"మిక్సీ వచ్చిన మర్నాడు."

బీరువాలోంచి మిక్సీ గ్యారంటీ కార్డు తీసింది. కొట్టువాడి ముద్ర మీద ఏప్రిల్ పద్దెనిమిది అని ఉంది. పంతొమ్మిదో తారీకున రెండు వీడియోలు దొరికాయి.

మొదటిదాంట్లో ఘాటీ మలుపులో లారీ ఆగి ఉంది. వెనక గుర్రుమని ఒకటే రొద. ఆ రొదలోంచి, "ఈశ్వరీ, ఎయ్యి!"

ఈశ్వరి టీవీ బల్ల అంచు పట్టుకుంది. మిక్సీ గర్జించింది. "ఆపు... మళ్లీ ఎయ్యి!" లోపల్నుంచి తన గొంతే, "పచ్చడి గుజ్జైపోనాది. ఇంకెన్నిసార్లయ్యా?" ఆయన నవ్వు. ఆ నవ్వు చివర చిన్న దగ్గు ఉంటుంది. ఉన్నదని ఆమె మరిచేపోయింది.

రెండోది మూడు నిమిషాలే. గుర్రు లేదు, మాట మంచినీళ్లలా వినబడుతోంది. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

"ఒరే నూకయ్యా, మిక్సీ కాదురా. మిక్సీ కట్టీసినా గుర్రు పోనేదు. నా ఈపు ఎనకాల ఫేనుదిరా. కట్టీసి రికార్డు సేస్తన్నాను, అదీ సూద్దాం... ఆఁ? ఇంట్లో సెప్పకురా బాబూ. మిక్సీ అనే అనుకోనీ. తెల్లారి లేస్తే ఆ మనిసి కూసోదు. సప్పుడు సెయ్యకు, లైవున్నాది అంటేనే వచ్చి గుమ్మంలో కూసుంటాది. ఆ రెండు గంటలైనా కాళ్లు సాపుకుంటాది. ఫేను అటు పెట్టీస్తాను, నాకేటి, తువ్వాలున్నాది."

అంతే. లారీ అలాగే ఆగి ఉంది.

"దొంగ మావ" అంది ఝాన్సీ కళ్లు తుడుచుకుంటూ.

ఈశ్వరి గుమ్మంవైపు చూసింది. తర్వాత, "రెండేళ్లు" అంది. "రెండేళ్లు నాను ఆయన కోసం మిక్సీ మానుకున్నాననుకున్నాను."

ఆ రెండూ పోకుండా ఝాన్సీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఫోనులోనూ పెట్టి ఇచ్చింది. ఎన్నిసార్లు విన్నారో లెక్క లేదు. గోడ గడియారం నాలుగు కొట్టింది.

"అత్తా, పప్పు నానిపోనాది. రుబ్బీనా?"

"వొద్దు, ఉండనీ."

"రేపు దోసెలో?"

"ఉప్మా తిందుం. రా, కూసో."

ఈశ్వరి గుమ్మంలో కూర్చుని, కాళ్లు బారచాపింది.