రోజూ రాగి ధర అడిగినవాడు

నిరుడు ఆషాఢంలో ఒక మంగళవారం, సాయంత్రం నాలుగున్నరకు, అతను నా పాత సామాను కొట్టు ముందు ఆగి ఎప్పటి మాటే అడిగాడు. “చాచా, ఈరోజు రాగి ఎంత?”

అతనిది ఆఫ్రికాలో రాగి గనులున్న దేశం. ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండి ఇంజనీరింగు చదివేవాడు, మా మాట కూడా బాగానే పట్టుకున్నాడు. మా దగ్గర కొనేది లేదు, అమ్మేది లేదు. పనిలేని ప్రశ్న అని మొదట్లో కసురుకున్నాను. రాగి పెరిగితేనే వాళ్ల పైసకు విలువ పెరిగి, గనిలో పనిచేసే తండ్రి పంపింది ఇక్కడ ఫీజుకు సరిపోతుందని తర్వాత తెలిసింది.

ఆ రోజు ధర బాగా పెరిగింది. ముసలితనంలో నేర్చిన అంకెలతో పలక మీద రాసి చూపించాను.

“ఇగ నీ ఫీజు కట్టినట్టే. చాయ్ నువ్వే తాపియ్యాలె.”

అతను నవ్వలేదు. ఫోన్‌లో వీడియో కాల్ కలిపి తల్లిని చూపించాడు. అంగడిలో టమాటా కుప్ప ముందు కూర్చుని ఉంది.

“మా పైసకు బలమొస్తే బయటి దేశం టమాటా మా ఊర్ల సస్తా అయితది. అమ్మది ఎవరూ కొనరు చాచా.”

“అయితే రాగి తగ్గాలంటవా?”

“తగ్గితే నా చదువు బంద్.”

పలక మీది అంకెను చెరపబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంతలో ఫోన్‌లో తల్లి ఏదో అడిగింది.

“ఏమంటుందిరా?”

“రాగి పెరిగిందా అంటుంది. నా ఫీజు కోసం పెరగాలని రోజూ మొక్కుతది.”

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, తూకం వేసే మస్తాన్, చాయ్ తెచ్చిన యాదమ్మ, ఒక చేత్తో పలక, ఒక చేత్తో ఫోన్ పట్టుకున్న అతను, ఫోన్‌లో ఆశగా చూస్తున్న వాళ్లమ్మ.