శ్మశానం ముందు ఒక పగలు

లక్సెట్టిపేట, పెద్దపల్లి, ధర్మపురి పట్టణాల్లో కొందరు కలిసి ఒక శాంతి కమిటీ పెట్టుకున్నారు. ఒకచోట గొడవైతే మిగతా చోట్ల వాళ్లు వెళ్లి మాట్లాడాలి. బయటివాళ్ల మాటైతే కాస్త వింటారని ఆశ. లక్సెట్టిపేటలో టీచరుగా రిటైరయ్యాక నేనూ చేరాను. పెద్దపల్లి నుంచి మరమగ్గం నడిపే ఒక పెద్దాయన వచ్చేవాడు. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని.

ఒక ఎండాకాలం పొద్దున గోదావరి పక్క పల్లె నుంచి ఫోన్ వచ్చింది. మా చర్చికి వచ్చే ఒక కూలీ ఆమె చనిపోయింది. ఊరి శ్మశానంలో పూడ్చనివ్వడం లేదు. ఆమె అత్తమామలను అక్కడే పూడ్చారు. ఇప్పుడు మాత్రం క్రైస్తవులకు చోటు లేదంటున్నారు.

అన్నా, నేనూ వెళ్లేసరికి శ్మశానం దారికి అడ్డంగా ఊరివాళ్లు కూర్చుని ఉన్నారు. చట్టం ఏమంటుందో చెప్పాను. చనిపోయిన మనిషికీ హక్కులుంటాయని చెప్పాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ లేవలేదు.

అన్న ఒక రైతు పక్కన కూర్చున్నాడు. "జర ఇను తమ్మీ. ఆమె నీ పొలంల నాటేసిందా లేదా?"

"ఏసింది. గది వేరు, గిది వేరు" అన్నాడు ఆ రైతు, మొహం తిప్పుకుని.

మధ్యాహ్నం దాటింది. చెప్పిందే చెప్పి నా గొంతు బొంగురుపోయింది. అప్పుడు చనిపోయినామె కూతురు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, ఇగ బతిమాలకుండ్రి. అవ్వను ఇంకెంతసేపు ఎండల ఉంచుతం? యాడనో ఒక కాడ పెడుదాం."



ఆ మాట విన్న ఒక ముసలామె గుంపులోంచి లేచింది. చనిపోయినామెతో కలిసి ఏళ్ల తరబడి నాట్లు వేసిన మనిషి. "నా మొగని పక్కన నాకని జాగ ఉంచుకున్న. గా జాగల పెట్టుండ్రి దాన్ని. ఎవడద్దంటడో చూస్త" అంది. అడ్డంగా కూర్చున్నవాళ్లలో ఆమె కొడుకూ ఉన్నాడు. దారి వదిలి మొదట లేచింది అతనే.

పెద్దలు ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు. సమాధి మీద సిలువ ఉండకూడదు, పాట పాడకూడదు. కూతురు తల ఊపింది. మా చర్చి పాస్టరు పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థన చేశాడు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో అన్న అడిగాడు. "మనం గెలిచినమా చెల్లే?"

"పూడ్చినం కదా అన్నా."

"పాట లేకుండ పూడ్చినం."

ఆ షరతుకు ఒప్పుకోవాల్సింది కాదని కమిటీలో కొందరు ఇప్పటికీ అంటారు. వాళ్లు అన్నది న్యాయమే. ఆ ఎండలో నాకు మాత్రం కూతురి మొహమే కనిపించింది. పోయిన వారం ధర్మపురి వాళ్లు ఇంకో ఊరి సంగతి చెప్పి రమ్మన్నారు. మోకాళ్ల నొప్పి, రాలేనని చెబుదామనుకున్నాను. వస్తానన్నాను.